విజిల్ వేయని కుక్కర్‌తో రెండున్నరేళ్లు

ఏడేళ్ల విరామం తర్వాత మళ్లీ డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పడానికి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు, ఇంట్లో అన్నిటికన్నా ముందు నాకు అడ్డు తగిలినది కుక్కర్ విజిల్. నాది ఉద్యోగం అనడానికి వీల్లేని పని. సెలవు పెట్టిన అధ్యాపకుల బదులు వెళ్లి పాఠం చెప్పి, చెప్పిన పీరియడ్లకు మాత్రమే లెక్కగట్టి డబ్బు తీసుకోవడం. రేపు మొదటి గంటకు రాగలరా అని రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వస్తుంది, కాదంటే మరోసారి పిలుస్తారన్న నమ్మకం ఉండదు. అందువల్ల తెల్లవారుజామున స్టవ్ మీద పప్పు పెట్టి, పక్క గదిలో ద్రవ్యోల్బణం పాఠం తిరగేస్తూ, చెవిని మాత్రం వంటింటికి అప్పగించి కూర్చునేదాన్ని. వచ్చినది మూడో విజిలా నాలుగోదా అన్న సందేహం ఒకసారి పట్టుకుంటే ఆ పూట పాఠం బుర్రకెక్కేది కాదు.

ఆ లెక్క తప్పించుకోవడానికే ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ కొన్నాను. నేను చెప్పబోయేది ఈ రకం కుక్కర్లన్నిటికీ వర్తించే విషయం కనుక కంపెనీ పేరు రాయడం లేదు. ఎన్ని లీటర్లు, ఎన్ని మీటలు అన్నవి డబ్బా మీదే ఉంటాయి. నాకు కావలసినది ఒక్కటే: ఇది విజిల్ వేయదు. లోపల ఒత్తిడి నిండగానే వేడిని తనంతట తానే తగ్గించుకుని, నిమిషాలు లెక్కపెట్టుకుని, పని అయ్యాక ఆగిపోతుంది. మీట నొక్కి స్నానానికి వెళ్లిపోవచ్చు. మొదటి రోజు ఆ నిశ్శబ్దంలో ఒక అధ్యాయం మొత్తం చదువుకున్నాను. నెల తిరగకుండానే మా ఆడపడుచుకు ఫోన్ చేసి, పాత కుక్కర్‌ను అటక ఎక్కించేశానని గొప్పగా చెప్పాను కూడా.

అప్పుడు చెప్పిన మాటల్లో కొన్నిటిని ఇప్పుడు సవరించుకోవాలి. కందిపప్పు 12 నిమిషాల్లో అవుతుందని ఆమెతో అన్నాను. ఆ 12 నిమిషాలు ఒత్తిడి నిండిన తర్వాత మొదలవుతాయి. నిండటానికి పది, అయ్యాక ఆవిరి దానంతట అది దిగడానికి మరో పదిహేను కలుపుకుంటే నలభై నిమిషాలకు దగ్గర పడుతుంది. మన స్టవ్ కుక్కర్లు సుమారు 15 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి 15 పౌండ్ల) ఒత్తిడిలో, దాదాపు 121 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉడికిస్తాయి. ఈ కరెంటు కుక్కర్లలో ఒత్తిడి సాధారణంగా అంతకన్నా తక్కువే ఉంటుంది కాబట్టి ఆలస్యం సహజం. నీళ్ల కొలత కూడా మారుతుంది. విజిల్ వేసే కుక్కర్ ప్రతి విజిల్‌కూ కొంత ఆవిరిని బయటికి పంపుతుంది, ఇది దాదాపు ఏమీ పోనివ్వదు. ఆ సంగతి తెలియక, గ్లాసు సాంబ మసూరికి రెండున్నర గ్లాసులు పోసే పాత అలవాటుతో తొలి వారమంతా అన్నానికి బదులు ముద్ద తీశాను. ఇప్పుడు ఒకటిన్నర, ఒకటిముప్పావు మధ్య ఆపుతాను, కొత్త బియ్యమైతే ఇంకాస్త తగ్గిస్తాను. మూత లోపలి సిలికాన్ రింగు సాంబారు వాసనను ఎంత కడిగినా వదలదు. ఇంగువ వాసన కొట్టిన పరమాన్నం ఒకసారి తిన్నాక తీపి వంటలకు వేరే రింగు కొన్నాను. సుమారు 1000 వాట్లు లాగుతుంది కనుక మా ఇంటి ఇన్వర్టర్ దీన్ని మోయలేదు.

ఇవన్నీ సర్దుకోదగినవే. సర్దుకోలేనిది కిందటేడాది ఫిబ్రవరిలో జరిగింది.

ఆ రోజు రెండు పీరియడ్లే అనుకుని, తొమ్మిదింపావుకు అడుగున పప్పు, పైన గిన్నెలో బియ్యం పెట్టి మీట నొక్కి, పదిన్నరకల్లా అంతా అయిపోయి ఉంటుంది, వడ్డించుకోండి అని అత్తయ్యగారికి చెప్పి బయలుదేరాను. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు, పదకొండున్నరకు భోజనం చేస్తారు. ఇంకో అధ్యాపకురాలు రాకపోవడంతో నా రెండు పీరియడ్లు నాలుగయ్యాయి. ఇంటికి వచ్చేసరికి రెండు నలభై. ఆవిడ హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. కంచం బల్ల మీద బోర్లించినది బోర్లించినట్టే ఉంది. రెండు అరటిపండ్లు తిని మజ్జిగ తాగారట.

“విజిల్ రాలేదమ్మా. ఇంకా ఉడకలేదేమో అనుకున్నాను. రెండుసార్లు వెళ్లి చూశాను, చప్పుడే లేదు. కరెంటుది కదా, ముట్టుకోవడానికి భయమేసింది” అన్నారు.

నాకు ముందు వచ్చినది కోపమే. ఒక్క ఫోన్ చేయవచ్చు కదా అన్నాను. “పాఠం చెప్పేటప్పుడు చేయవద్దని నువ్వే అన్నావు” అన్నారు. అది నిజమే.

పని అయినప్పుడు ఆ కుక్కర్ కీచుమని సన్నగా నాలుగైదుసార్లు కూస్తుంది. వయసు పైబడిన చెవికి ముందుగా దూరమయ్యేవి అలాంటి సన్నని శబ్దాలే. పాత కుక్కర్ విజిల్ అయితే పెరట్లో ఉన్నా ఆవిడకు వినిపించేది. పైగా నన్ను సతాయించిన ఆ విజిలే యాభై ఏళ్లుగా ఆవిడ వంటకు గడియారం. ఎన్నో విజిల్‌కు తాలింపు పెట్టాలో, ఎన్నో విజిల్‌కు స్టవ్ కట్టాలో ఆవిడకు చెవిలోనే ఉంటుంది. ఆ గడియారాన్ని నేను అడగకుండా అటక ఎక్కించాను. ఆ పూట పప్పు అడుగున చిక్కగా పేరుకుపోయింది, అన్నం వేడిగానే ఉంది. నాలుగు గంటల పాటు వేడి నిలిపినందుకు ఇంకో రోజైతే ఈ కుక్కర్‌ను మెచ్చుకునేదాన్నేమో.

అప్పటినుంచి పదకొండు ఇరవైకి వచ్చే విరామంలో స్టాఫ్ రూమ్ బయట నిలబడి, “అయింది అత్తయ్యగారూ, మూత తిప్పండి” అని ఫోన్ చేస్తున్నాను. తోటివాళ్లు నవ్వుతారు. విరామం కుదరదని ముందే తెలిసిన రోజున, అటక దిగివచ్చిన మూడు లీటర్ల పాత కుక్కర్‌లో ఆవిడే తనకు కావలసినంత వండుకుంటున్నారు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో పప్పు నా పప్పు కన్నా బాగుంటుంది.

కొనమంటావా అని ఇప్పుడు ఆడపడుచు అడిగితే మొదటి నెలలో చెప్పినంత గట్టిగా చెప్పలేను. పిలిచినప్పుడు పరుగెత్తవలసిన నాబోటి పనిలో, వండినవాళ్లే వడ్డించుకునే ఇంట్లో, కరెంటు నిలకడగా ఉండే ఊళ్లో అయితే కొనమంటాను. పెద్దవాళ్లను ఒంటరిగా వదిలి వెళ్లేవాళ్లు మాత్రం ముందు దాని కూత వాళ్లకు వినిపిస్తుందో లేదో దుకాణంలోనే చూసుకోవాలి. నా మటుకు నాకు వేసవి సెలవుల్లో పాఠాలూ ఉండవు, రాబడీ ఉండదు. ఆ రెండు నెలలూ స్టవ్ కుక్కరే వాడతాము, విజిల్ నన్ను పెద్దగా బాధించదు. జూన్‌లో మళ్లీ పిలుపు వస్తే సిలికాన్ రింగు కొత్తది కొనాలి. దాంతోపాటు పాత కుక్కర్‌కు గాస్కెట్ ఒకటి తెమ్మని అత్తయ్యగారు ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేశారు.