ఈవెనింగ్ గౌను: వియోనే క్రాస్ కటింగా, డియోర్ బోనింగా?

గుడ్డ కొనకముందే ఒకటి తేల్చుకోవాలి. గౌను ఒంటి ఆకారాన్ని పట్టి జారాలా, లేక గౌనే ఒంటికి ఆకారం ఇవ్వాలా? ఇద్దరు పారిస్ ఫ్యాషన్ డిజైనర్లలో మొదటిది మదలీన్ వియోనే దారి, రెండోది క్రిస్టియన్ డియోర్ దారి.

వియోనే 1912లో పారిస్‌లో సొంత ఫ్యాషన్ హౌస్ తెరిచారు. క్రాస్ కటింగ్, అంటే గుడ్డని ఐమూలగా కత్తిరించడం, ఆమె కనిపెట్టింది కాదు. మన టైలర్లు మెడకి క్రాస్ పట్టీ వేసినట్టే, అక్కడా చిన్నచిన్న ముక్కలకి వాడేవారు. ఆమె గౌను మొత్తాన్నీ అలా కత్తిరించారు. గుడ్డ పడుగు (నిలువు పోగు) వైపు లాగితే పెద్దగా సాగదు, పేక (అడ్డ పోగు) వైపూ అంతే. ఐమూలగా లాగితే మాత్రం సాగుతుంది. అందుకే నడుం బిగించే కోర్సెట్ లేకుండానే నడుం దగ్గర ఒదుగుతుంది, తుంటి మీద సాగుతుంది. చాలావాటికి జిప్పుతో పనే లేదు, తల మీదుగా తొడుక్కోవడమే.

చిక్కు పన్నా (గుడ్డ వెడల్పు) దగ్గర మొదలవుతుంది. 44 అంగుళాల పన్నాలో ఐమూల గీత పొడవు 62 అంగుళాలు. 20 అంగుళాల వెడల్పు ముక్క కావాలంటే మూలలు పోగా 42 మాత్రమే మిగులుతుంది, అంటే మధ్యలో అతుకు తప్పదు. 60 అంగుళాల పన్నాలో అయితే అదే ముక్క 65 అంగుళాలు వస్తుంది. వియోనే ఎక్కువ పన్నా క్రేప్ ప్రత్యేకంగా నేయించుకున్నది ఊరికే కాదు.

గుడ్డ మడతపెట్టి కత్తిరించకండి, కింది పొర జరిగిపోతుంది. ఒంటి పొరలోనే కోయండి, ఎడమ ముక్క కుడిముక్కకి అద్దంలో బొమ్మలా ఉండాలి. రెండూ ఒకే వాటంలో కోస్తే తొడుక్కున్నాక గౌను ఒక పక్కకి మెలి తిరుగుతుంది, తరవాత చేసేదేమీ లేదు. కుట్టుకి అంగుళం వదలండి. సన్నటి జిగ్‌జాగ్ వేయండి, తిన్నని కుట్టు గుడ్డతోపాటు సాగక పుటుక్కుమంటుంది. మెడకీ భుజాలకీ నిలువు పోగు పట్టీ వేయాలి. కింది అంచు మడిచే ముందు కనీసం ఒక రోజు వేలాడదీయండి, అక్కడక్కడ అంగుళం రెండంగుళాలు దిగుతుంది. దిగాక, మనిషికి తొడిగి నేలనుంచి కొలిచి కోయాలి.

డియోర్ తొలి ప్రదర్శన 1947 ఫిబ్రవరి 12న. ఆయన ఈవెనింగ్ గౌన్లలో పని లోపల జరుగుతుంది: నెట్ బాడీ, దానికి బోన్లు (ఆకారం నిలిపే సన్నటి గట్టి పట్టీలు), నడుం చుట్టూ గట్టి రిబ్బను. రిబ్బను హుక్కులు ముందు పెట్టుకుని తరవాత జిప్పు లాగాలి. బరువంతా రిబ్బను మీద పడుతుంది కాబట్టి భుజాలు లేని గౌను కూడా జారదు, జిప్పు చిట్లదు. బోను కొన కుట్టు గీతకి అర సెంటీమీటరు ముందే ఆగకపోతే మాత్రం గుడ్డ పొడుచుకొస్తుంది.

చూడ్డానికి ముక్కలు తక్కువ కాబట్టి వియోనేది తేలికనిపిస్తుంది. కాదు. డియోర్‌ది శ్రమ ఎక్కువే గానీ, తప్పు చేస్తే విప్పి సరిచేసుకోవచ్చు. మొదటిసారి కుట్టేవారికి అదే మేలు. మెత్తటి క్రేప్, సాటిన్ ఉండి, భుజాల పట్టీలు ఉంటే వియోనేకి సాటి లేదు.

పాత పట్టుచీరని గౌను చేయించేవారు క్రాస్ జోలికి పోవద్దు. జరీ పోగు సాగదు, చుట్టూ ఉన్న పట్టు సాగుతుంది, బుటా బుటాకీ ముడత పడుతుంది.