ఇంట్లో సైకిలు, నాలుగేళ్ల తొక్కుడు

ప్లవ నామ సంవత్సరంలో కొన్న సైకిలు ఇది. శుభకృతు, శోభకృతు, క్రోధి దాటి విశ్వావసులోకి వచ్చాం, ఇంకా తిరుగుతూనే ఉంది. 2021 మేలో కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు తెప్పించాను. మాది విజయవాడ, సత్యనారాయణపురం. పాత రైలు పట్టాల స్థానంలో వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు మీద రోజూ పొద్దున్నే నడిచేవాణ్ణి. ఆ నడక ఆగిపోయింది, షుగర్ పెరిగింది. అప్పుడు నాకు 64. చేతికి అందిన ధరలో కదలకుండా నిలబడే ఎక్సర్‌సైజ్ సైకిలు ఒకటి దొరికింది, 11,500 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను. ఆ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకే తీరు: ముందు ఒక బరువు చక్రం, బిగువు పెంచడానికి ఒక మర, నాలుగు అంకెలు చూపించే చిన్న తెర.

మొదటి వారం ఆరు నిమిషాలకే దిగిపోయాను. ఆయాసం వల్ల కాదు, సీటు వల్ల. రాతి అరుగు మీద కూర్చున్నట్టే ఉండేది. 600 పెట్టి జెల్ కవరు తొడిగాక పదిహేను నిమిషాలు కూర్చోగలిగాను. ఇంకో తప్పు కూడా చేశాను. సీటు మరీ కిందికి పెట్టుకున్నాను, దిగడం సులువని. నెలలోపే మోకాలి ముందు భాగం నొప్పెట్టింది. పెడల్ బాగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి, అంత ఎత్తులో సీటు ఉండాలని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. రెండు కన్నాలు పైకి జరిపితే నొప్పి పోయింది.

ఏడాదిన్నరకి కిర్రుమని చప్పుడు మొదలైంది. కంపెనీకి ఫోన్ చేస్తే ‘రేపు మనిషి వస్తాడు సార్’ అన్నారు. ఆ రేపు పందొమ్మిది రోజులైనా రాలేదు. చివరికి మా వీధి చివర సైకిల్ షాపు కుర్రాణ్ణి పిలిచాను. ‘బాబాయిగారూ, పెడల్ కాడ నట్టు వదులైందండీ, ఇంతే’ అని స్పానరు తిప్పి 150 తీసుకున్నాడు.

తెర మీద అంకెల్లో నిమిషాలు ఒక్కటే నమ్మండి. క్యాలరీల లెక్క ఉత్త కాకిలెక్క. నా బరువెంతో, వయసెంతో అడగని యంత్రానికి నేను ఎంత కరిగానో ఎలా తెలుస్తుంది? పిడి పట్టుకుంటే నాడి చూపిస్తుందన్నారు. అది 78 చూపిస్తున్నప్పుడు మణికట్టు పట్టుకుని గడియారం చూసి లెక్కపెడితే 104 వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి, యంత్రం లెక్కపెట్టినా చేత్తో ఇంకోసారి లెక్కపెట్టే అలవాటు పోలేదు.

అసలు రాయాలనుకున్నది మతిమరుపు గురించి. కొన్న ఏడాదే డిసెంబరులో ఏటీఎం ముందు నిలబడి పిన్ నంబరు మర్చిపోయాను. పదకొండేళ్లుగా కొడుతున్న నాలుగు అంకెలు! వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. వేళ్లు మీటల మీదికి వెళ్లాయి గానీ ఏది నొక్కాలో తెలియలేదు. ఒకప్పుడు ఖాతాదారు మొహం చూసి ఖాతా నంబరు చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా పడుకున్నాను. మా నాన్నగారికి చివరి రోజుల్లో మా పేర్లు తెలియలేదు. ఆ రాత్రంతా అదే టెన్షన్.

డాక్టరు గారు మెదడు స్కాను కంటే ముందు రక్తపరీక్షలు రాశారు: థైరాయిడ్, షుగర్, విటమిన్ బి12. బి12 బాగా తక్కువగా వచ్చింది. నేను శాకాహారిని, పైగా షుగర్‌కి పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. ఆ మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చట. ఇంజెక్షన్లు మొదలుపెట్టి, ‘సైకిలు మాత్రం ఆపకండి, వారానికి నూటయాభై నిమిషాలకు తగ్గకుండా చూసుకోండి’ అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కనీసం అంతే చెబుతోంది.

అప్పటినుంచి రోజుకు ముప్పై నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఊరికే తొక్కితే విసుగు. అందుకని చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న అరవై సంవత్సరాల పేర్లు పైకి చదువుతూ తొక్కడం మొదలుపెట్టాను. దీంతో ఇంకో ఉపయోగం కూడా ఉంది. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, మధ్యస్థమైన వ్యాయామానికి గుర్తు అదేనంటారు. ప్రభవ, విభవ, శుక్ల అంటూ పోతే మొదట్లో సాధారణ దాకా బాగానే వెళ్లేవాణ్ణి. తర్వాత విరోధికృతు అనాల్సినచోట విరోధి అనేవాణ్ణి. విరోధి తర్వాత వికృతి, ఖర, నందన... అంటే నలభై అయిదో ఏడు నుంచి ఇరవై మూడో ఏడుకి జారిపోయి మళ్లీ అదే చుట్టు! ఒకరోజు విజయ, జయ మూడోసారి వినబడేసరికి మా ఆవిడ వంటింట్లోంచి, ‘ఏవండీ, ఈ శతాబ్దం దాటేదెప్పుడండీ?’ అంది. నాలుగో నెలలో ఒకరోజు విరోధికృతు, పరీధావి, ప్రమాదీచ అనుకుంటూ తడబడకుండా అక్షయ చేరాను. ఇప్పుడు వెనక నుంచి ముందుకు చదువుతున్నాను, అది ఇంకా సగంలోనే ఉంది.

మరి జ్ఞాపకశక్తి బాగుపడిందా? పడింది. మందుల వేళలు, ఫోన్‌లో ఎవరు ఏం చెప్పారో, తాళం ఎక్కడ పెట్టానో ఇప్పుడు వెతుక్కోవడం తక్కువ. అది సైకిలు చలవా, ఇంజెక్షన్ల చలవా అంటే చెప్పలేను. రెండు కౌంటర్ల డబ్బు ఒకే పెట్టెలో పోశాక ఏ నోటు ఎక్కడిదో ఎవరు చెబుతారు? నిద్ర మాత్రం బాగుపడింది. రాత్రి మూడింటికి లేచి కూర్చోవడం పోయింది. మధ్యలో మా అమ్మాయి దగ్గరికి డాలస్ వెళ్లి మూడు నెలలు తొక్కకపోతే ఆ మూడింటి మెలకువ మళ్లీ వచ్చింది. కాబట్టి నిద్ర మటుకు సైకిలు ఖాతాలోనే వేస్తాను.

అమెరికాలో 2011లో వెలువడిన ఒక పరిశోధన గురించి మా అల్లుడు చెప్పాడు. 55 నుంచి 80 ఏళ్ల వాళ్లు 120 మందిని తీసుకుని, సగం మందిని వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల దాకా ఏడాది పాటు నడిపించారట. కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోక్యాంపస్ అనే భాగం వాళ్లలో సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో 1.4 శాతం తగ్గింది. వినడానికి బాగుంది. కానీ ఆ తర్వాత చేసిన పరిశోధనలన్నిట్లోనూ అంత స్పష్టంగా రాలేదట, పైగా వాళ్లు చేసింది నడక, సైకిలు కాదు. అమ్మేవాళ్లు ‘మెదడు పెరుగుతుంది’ అంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

దీని పెద్ద లోపం ఇంకొకటి ఉంది, ఎవరూ ముందు చెప్పరు. కూర్చుని తొక్కేది కాబట్టి కాళ్లకు బలం వస్తుంది గానీ నిలకడ రాదు. క్రిందటేడు నిలబడి ప్యాంటు తొడుక్కుంటూ తూలి బీరువాకి గుద్దుకున్నాను. మోచేయి కమిలింది, అంతటితో పోయింది. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా నిలకడ కోసం, బలం కోసం విడిగా వ్యాయామం చేయాలని ఆ ప్రపంచ సంస్థవాళ్లే చెప్పారు, నాకే పట్టలేదు. ఇప్పుడు కిటికీ ఊచ పక్కన ఒంటికాలి మీద నిలబడుతున్నాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం పదిసార్లు. నడక కూడా మళ్లీ మొదలుపెట్టాను. రోహిణి కార్తెలో, ముసురు రోజుల్లో మాత్రం సైకిలే.

మా ఆవిడకి ఇది కుదరలేదు. మోకాళ్ల నొప్పులు, పైగా మధ్య కడ్డీ మీదుగా కాలు వేసి ఎక్కాలి. మళ్లీ కొనాల్సి వస్తే నడుముకి ఆనుడు ఉండి, పక్కనుంచి కూర్చోగలిగే రకం చూస్తాను. ధర ఎక్కువే, చోటూ ఎక్కువే కావాలి, కానీ ఇద్దరికీ పనికొస్తుంది. ఒంటరిగా వాడుకునేవాళ్లకి, మోకాళ్లు బాగున్నవాళ్లకి ఇది చాలు. కొనేముందు షాపులో ఐదు నిమిషాలు కూర్చుని తొక్కి చూడండి, ఆన్‌లైన్‌లో తెప్పించి నాలా సీటు పాలు కావద్దు.

డాలస్ నుంచి వచ్చేసరికి దీని మీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. బాల్కనీలో కొత్త తీగ కట్టించాను.