సమ్మర్ టైర్లతో బ్రెకెన్‌రిడ్జ్: వెళ్లింది మస్టాంగ్‌లో, తిరిగొచ్చింది బస్సులో

అక్టోబరు మొదటి వారం, శనివారం. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ పక్కన లోన్‌ట్రీలో మా ఇంటి ముందు పొద్దున తొమ్మిదింటికే 66 డిగ్రీల ఫారన్‌హీట్, మన సెల్సియస్ లెక్కలో 19. నెల్లూరు నుంచి వచ్చిన బావమరిదికి పసుపు తిరిగిన ఆస్పెన్ చెట్లు చూపిద్దామని, ఒక రాత్రి బ్రెకెన్‌రిడ్జ్ అనే కొండ ఊళ్లో ఉండి వద్దామని, మా ఆవిడతో కలిసి ముగ్గురం బయల్దేరాం. బండి నా మస్టాంగ్ జీటీ. 5 లీటర్ల వీ8, 460 హార్స్‌పవర్, లాగేది వెనక చక్రాలే. దానికి కంపెనీ నుంచి వచ్చినవే మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ సమ్మర్ టైర్లు. వేడి రోడ్డు మీద వాటంత పట్టు ఉన్న టైర్లు నేను ఇంతవరకు వాడలేదు. రాత్రికి మంచు పడొచ్చని ఫోన్‌లో కనిపించింది. అక్టోబరే కదా, పడినా నిలవదులే అనుకున్నాను. తప్పు అక్కడే చేశాను.

వెళ్లేటప్పుడు కొండల్లోకి వెళ్లే పెద్ద హైవే ఐ-70 ఎక్కకుండా 285 రోడ్డు పట్టాం. కొంచెం చుట్టే అయినా ఆకుల రంగుల కోసం అయితే ఇదే దారి. దాదాపు 10,000 అడుగుల ఎత్తున్న కెనోషా పాస్ (కనుమ) దగ్గర దిగి గంటన్నర నడిచాం. గాలి వీచినప్పుడల్లా ఆ ఆకులు గలగలమంటుంటే బావమరిది ఫోన్ తీయడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. పార్కింగ్ మాత్రం కష్టం, తొమ్మిదిలోపు చేరుకోవాలి. ఫెయిర్‌ప్లేలో పులిహోర డబ్బా ఖాళీ చేసి, ఆల్మా మీదుగా 11,539 అడుగుల హూసియర్ పాస్ ఎక్కాం. అవతలి వైపు మలుపులన్నీ హెయిర్‌పిన్నులే. పొడి రోడ్డు మీద ఆ బండి ఆ మలుపుల్లో ఎలా తిరిగిందో చెప్పాలంటే మాటలు చాలవు.

బ్రెకెన్‌రిడ్జ్‌లో మేం దిగిన కాండో (అద్దె ఫ్లాట్) మెయిన్ స్ట్రీట్‌కి పైన కొండవాలులో ఉంది. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి కొండలు, వంటగదిలో గిన్నెలన్నీ ఉన్నాయి. లోపమల్లా పార్కింగే: పైకప్పు లేదు, రోడ్డుకి దిగాలంటే నిట్టనిలువు వాలు. బుక్ చేసేటప్పుడు ఫొటోల్లో అది కనిపించలేదు, నేనూ అడగలేదు. ఇంకో సంగతి, 9,600 అడుగుల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో బియ్యం పెడితే పలుకు పలుకుగానే ఉండిపోయాయి. ఈసారి వెళ్తే ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్తాను.

తెల్లారి లేచేసరికి బండి మీద జానెడు మంచు. థర్మామీటర్ 18 ఫారన్‌హీట్, అంటే మైనస్ 8. టైరు మీద గోరు నొక్కి చూశాను. నిన్న మధ్యాహ్నం దిగిన గోరు ఈరోజు దిగలేదు, ఎండిన కొబ్బరి చిప్పని నొక్కినట్టుంది. సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తే గట్టిపడటం మొదలవుతుంది. రోడ్డు పొడిగా ఉన్నా అంతే. మంచుని కొరికి పట్టుకోవడానికి వింటర్ టైర్లకుండే సన్నటి గాట్లు వీటికుండవు. ఇంత చలిలో కదిలిస్తే ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే రబ్బరు పొర, చీలిపోవచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. ఇవన్నీ నేను ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్లి చదివాను.

బండిలో మంచు, తడి రోడ్ల కోసం ఉండే స్నో/వెట్ మోడ్ పెట్టాను, గేరు వేశాను, నడక కంటే నెమ్మదిగా కదిలాను. వాలు మీదికి రాగానే బ్రేక్ తొక్కితే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తోంది, బండి మాత్రం ఆగట్లేదు.

"బావా, బ్రేక్ వెయ్యి!"

"వేశాన్రా, ఆగట్లేదు."

స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగలేదు. స్టాప్ బోర్డు దాటి, అడ్డరోడ్డు మధ్యలోంచి జారి, అవతలి పేవ్‌మెంట్ అంచుకి కుడి ముందు చక్రం కొట్టుకుని ఆగాం. ఆ నాలుగు సెకన్లలో అటుగా ఏ బండీ రాలేదు. మా ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇక వద్దండీ, ఇక్కడే వదిలేద్దాం" అంది. పికప్‌లో వెళ్తున్న ఒకాయన ఆగి, మాతో కలిసి బండిని పక్కకి తోశాడు. ఆ టైర్లు చూసి తల అడ్డంగా ఊపాడు. రిమ్ము గీసుకుపోయింది, మనుషులకేం కాలేదు.

టోయింగ్ కోసం ఫోన్ చేస్తే నాలుగైదు గంటలు పడుతుందన్నారు, ధర కూడా గట్టిగానే చెప్పారు. ఐ-70 సంగతి అప్పుడే గుర్తొచ్చింది. మారిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు, మంచున్నప్పుడు నా బండిలాంటి దానికి వింటర్ టైర్లో, బురదకీ మంచుకీ పనికొచ్చే ఎం ప్లస్ ఎస్ టైర్లో, లేదంటే టైర్లకి చుట్టే చైన్లో ఉండి తీరాలి. ఏవీ లేకుండా దారికి అడ్డంగా ఇరుక్కుంటే జరిమానా 600 డాలర్ల పైమాటే. కాండో మేనేజరు రెండు రోజులు బండి అక్కడే ఉంచుకోమన్నాడు, డబ్బులు తీసుకోలేదు. ఆయన చేసిన ఈ మేలు మర్చిపోలేను.

మమ్మల్ని ఇంటికి చేర్చింది బస్సులే. బ్రెకెన్‌రిడ్జ్ నుంచి ఫ్రిస్కోకి సమ్మిట్ స్టేజ్ బస్సు పూర్తిగా ఉచితం, స్కీయింగ్ సామానుతో ఎక్కినా ఎవరూ ఏమనరు. ఫ్రిస్కోలో బస్టాంగ్ అనే దూరప్రాంతాల బస్సు ఎక్కితే నేరుగా డెన్వర్ యూనియన్ స్టేషన్. రాష్ట్ర రవాణా శాఖ 2015లో మొదలుపెట్టిన సర్వీసు ఇది. సీట్లు మెత్తగా ఉన్నాయి, లోపలే బాత్రూం ఉంది. వైఫై కొండల్లో వస్తూ పోతూ ఉంది. ఐసెన్‌హోవర్ టన్నెల్‌కి ఎక్కే వాలులో పక్కకి జారిపోయిన కార్లు కిటికీలోంచి ఐదు లెక్కపెట్టాను. వాటిలో రెండు ఆల్‌వీల్ డ్రైవ్ ఎస్‌యూవీలు. నాలుగు చక్రాలూ లాగితే బండి కదులుతుంది, ఆపాల్సింది మాత్రం టైరే. యూనియన్ స్టేషన్ నుంచి 'E' లైన్ రైలెక్కి చీకటి పడకముందే ఇల్లు చేరాం.

మంగళవారం అదే బస్సుల్లో వెళ్లి, రోడ్డు పూర్తిగా ఆరాక మధ్యాహ్నం ఎండలో బండి తెచ్చుకున్నాను. హూసియర్ వైపు నీడలో మంచు ఇంకా ఉందని చెప్పారు, అందుకే ఐ-70 మీదుగానే వచ్చాను. మర్నాడు చక్రాలు ఊడదీయించి ట్రెడ్ అంతా చూపించాను. అదృష్టం, చీలికలు లేవు. వింటర్ టైర్లకి రిమ్ములతో కలిపి 2,000 డాలర్ల దాకా అయింది. ఇప్పుడు అక్టోబరు రాగానే అవి ఎక్కిస్తాను, ఏప్రిల్ చివర్లో దింపుతాను. సమ్మర్ టైర్లు అప్పటిదాకా ఇంట్లో వెచ్చటి మూలలో ఉంటాయి.

డిసెంబరులో మళ్లీ వెళ్లాం, ఈసారి బస ఫ్రిస్కోలో. బ్రెకెన్‌రిడ్జ్ అంత అందం లేదు, సాయంత్రం తిరగడానికి దుకాణాలూ తక్కువే. కానీ ఊరు చదునుగా ఉంటుంది, హైవే దగ్గర, బస్టాండ్ దగ్గర. మేం తీసుకున్న గదికి కింద కప్పున్న పార్కింగ్ ఉంది. బుక్ చేసే ముందు ఫోన్ చేసి వాలు ఎంతుందో కూడా అడిగాను. బండిని రెండు రోజులు అక్కడే పెట్టి, కొండల్లోకి వెళ్లాల్సినప్పుడల్లా ఆ ఉచిత బస్సే ఎక్కాం.