ప్లేనో నుంచి వైట్ శాండ్స్ దాకా: సీట్లో కూర్చున్నాక తేలిన హోల్‌స్టర్ సంగతి

మొన్న మార్చి స్ప్రింగ్ బ్రేక్‌లో టెక్సస్‌లోని ప్లేనో నుంచి న్యూమెక్సికోలోని కార్ల్స్‌బాడ్ గుహలు, అక్కణ్ణుంచి వైట్ శాండ్స్ ఇసుక దిబ్బలు, మొత్తం నాలుగు రోజులు కార్లో తిరిగొచ్చాం. చూసిన చోట్లు, బస గురించి చెప్తాను గానీ ముందు హోల్‌స్టర్, అంటే నడుముకి పెట్టుకునే తుపాకీ ఒర సంగతి చెప్పాలి. ఈ ట్రిప్‌లో ఎక్కువ బాధపెట్టింది అదే, ఎక్కువ నేర్పిందీ అదే.

నేను డల్లాస్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడుపుతాను. రాత్రి కౌంటర్ మూసి డబ్బు పట్టుకుని బయటికి రావాలి. మన పిల్లలు ఇలాంటి షాపుల్లో దోపిడీ దొంగల చేతుల్లో పోయిన వార్తలు ఎన్ని చదివామో మీకూ తెలుసు. అందుకే సిటిజన్‌షిప్ వచ్చాక క్లాసుకి వెళ్ళి తుపాకీ వెంట పెట్టుకోవడానికి టెక్సస్ లైసెన్స్ తీసుకున్నాను. నా దగ్గర ఉన్నది గ్లాక్ 43ఎక్స్, సన్నపాటి నైన్ ఎంఎం పిస్టల్. ఒక మాట గట్టిగా చెప్పాలి: హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, షూటింగ్ రేంజ్‌లో సరదాగా అద్దెకి తీసుకుని కాల్చడం కూడా అందులోకే వస్తుంది. 2021 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో లైసెన్స్ లేకుండానే తుపాకీ వెంట పెట్టుకోవచ్చట కదా అని ఫ్రెండ్స్ అంటే నమ్మేయకండి, ఆ వెసులుబాటు ఎవరికి వర్తిస్తుందో ముందు చూసుకోండి.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. షాపులో రోజూ వాడే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టరే నడుముకి ఉంది, ప్యాంటు లోపలికి, కుడి తుంటి వెనక. గడియారం లెక్కలో, బొడ్డు పన్నెండు అనుకుంటే, నాలుగు గంటల చోట. నిలబడి పనిచేసేటప్పుడు అది ఉన్నట్టే తెలియదు. ఫోర్ట్‌వర్త్ దాటాక మొదలైంది నొప్పి. ఇక్కడ డ్రైవర్ సీటు ఎడమ పక్కన, సీట్ బెల్ట్ బకిల్ కుడి తుంటి దగ్గర. అంటే బకిల్, గన్ పిడి, సీటు పక్కన ఉబ్బెత్తు, మూడూ ఒకే చోట కలుస్తాయి. (ఇండియాలో కారు ఊహించుకుంటూ చదువుతున్నవాళ్ళు ఇదంతా తిరగేసి చూసుకోవాలి.) పిడి పక్కటెముకల కింద గుచ్చుతుంటే నేను తెలియకుండానే ఎడమవైపుకి ఒరిగి నడిపాను. ఆబిలీన్‌లో దిగేసరికి నడుము పట్టేసింది, కుడి కాలు తొడ దాకా తిమ్మిరి. మా ఆవిడ కాఫీ కప్పు చేతికిస్తూ, "ఏవండీ, మీరు పది నిమిషాలకోసారి నడుము సర్దుకుంటున్నారు, చూసేవాడెవడికైనా తెలిసిపోతుంది" అంది. నిజమే. సర్దుకోవడానికి చెయ్యి ఎన్నిసార్లు పోతే అంత ప్రమాదం, అదీ గంటకి 75 మైళ్ళ స్పీడులో.

వెంట ఇంకో రెండు హోల్‌స్టర్లు తెచ్చుకున్నాను. రెండోది ముందుభాగంలో, బొడ్డుకి కాస్త కుడివైపు పెట్టుకునేది. ఆబిలీన్ నుంచి పెకోస్ దాకా దాంతో నడిపాను. దీన్ని మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, బకిల్‌కి అడ్డం రాదు, చొక్కా కింద బాగా దాగుతుంది. వెనక చిన్న స్పాంజి ముక్క అంటిస్తే గొట్టం మొన గజ్జల్లో గుచ్చుకోవడం కొంత తగ్గింది కూడా. సన్నగా ఉన్నవాళ్ళకి సరిపోవచ్చు. నాకు పొట్ట ఉంది. కూర్చుంటే పొట్ట పిడి మీదకి దిగుతుంది, పైన ల్యాప్ బెల్ట్ నొక్కుతుంది. పెకోస్ దాకా ఎలాగో ఓర్చుకున్నాను. పైగా గొట్టం నా తొడవైపే చూస్తుంటే మనసుకి నెమ్మది లేదు, డ్రైవింగ్‌లో ఆ టెన్షన్ ఎందుకు?

మూడోది తోలుది, క్రాస్‌డ్రా, అంటే కుడిచేత్తో ఒంటికి అడ్డంగా ఎడమవైపు నుంచి తీసేది. ఎడమవైపు ముందు, పది పదకొండు గంటల చోట, పిడి కుడిచేతి వైపు తిరిగి ఉంటుంది. పెకోస్‌లో ఇది తగిలించుకుని 285 రోడ్డెక్కాను. ఆ రోడ్డంతా ఆయిల్ ఫీల్డ్ ట్రక్కులే, రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగించి నడపాల్సిన దారి. కార్ల్స్‌బాడ్ చేరాక గానీ గన్ సంగతి గుర్తుకే రాలేదు. కుడి తుంటి ఖాళీ, బకిల్ ఖాళీ, వెనక సీటుకి వీపు పూర్తిగా ఆనుతుంది. దీనిలో లోపం నడిచేటప్పుడు తెలుస్తుంది, పొట్ట మీద ఉబ్బుగా కనిపిస్తుంది, పైన గుండీలు విప్పిన చొక్కా ఇంకోటి తప్పదు. సీటుకి అయస్కాంతంతో అంటించేవి కూడా అమ్ముతారు గానీ నేను వాటి జోలికి పోను. వాటిల్లో చాలావాటికి ట్రిగ్గర్ మీద కప్పే ఉండదు, యాక్సిడెంట్ అయితే గన్ ఎక్కడికి ఎగిరిపడుతుందో తెలియదు.

ఇంకా ముఖ్యమైనది రెండో రోజు తెలిసింది. కార్ల్స్‌బాడ్ గుహల దగ్గర విజిటర్ సెంటర్ ఫెడరల్ బిల్డింగ్, లోపలికి గన్ తీసుకెళ్ళకూడదు. 2010 నుంచి నేషనల్ పార్కుల నేల మీద ఆ రాష్ట్రం చట్టమే వర్తిస్తుంది గానీ బిల్డింగులకి ఆ సడలింపు లేదు. టికెట్లూ లిఫ్టూ అక్కడే కాబట్టి గన్ కార్లో వదలాల్సిందే. పార్కింగ్‌లో అందరి కళ్ళముందు తీయకూడదని మా రేంజ్ ఇన్‌స్ట్రక్టర్ గారు పదేపదే చెప్పేవారు, అందుకని పార్కుకి రెండు మైళ్ళ ముందే ఓ పక్కకి ఆపాను. నా క్రాస్‌డ్రాకి బెల్టు విప్పకుండా ఊడొచ్చే క్లిప్ ఉంది. గన్ ఒరలోనే ఉండగా, ట్రిగ్గర్ కప్పి ఉండగానే, మొత్తం కలిపి తీసి ఇనప పెట్టెలో పెట్టి, దాని తీగని సీటు కింది ఫ్రేముకి చుట్టి తాళం వేశాను. అదే పాత కైడెక్స్ అయితే గన్‌ని వేరుగా బయటికి లాగి, మళ్ళీ దోపాలి. అనుకోకుండా పేలే ప్రమాదం ఈ తీయడం పెట్టడం దగ్గర ఉంటుంది. లాంగ్ డ్రైవ్‌కి హోల్‌స్టర్ కొనేవాళ్ళు మెత్తదనం కంటే ముందు ఈ క్లిప్ చూడండి. ఆ పెట్టెలో అది పడుతుందో లేదో కూడా ఇంట్లోనే పెట్టి చూసుకోండి.

గుహల సంగతి: సహజ ద్వారం నుంచి నడిచి దిగండి, మైలుంపావు దారి, దాదాపు 750 అడుగుల లోతు. మోకాళ్ళు బాగాలేనివాళ్ళకి లిఫ్ట్ ఉంది. ప్రవేశ సమయం ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. లోపల ఎప్పుడూ 56 డిగ్రీల ఫారన్‌హీట్, స్వెట్టర్ మర్చిపోవద్దు. ఊళ్ళో బస మాత్రం నిరాశ. ఆయిల్ పనివాళ్ళతో మోటళ్ళు నిండిపోయి రాత్రికి 170 డాలర్లు తీసుకున్నారు, దుప్పట్లు సిగరెట్ వాసన, గదిలో లాకర్ తలుపు చేత్తో ఊపితే వదులుగా ఆడింది. దాన్ని నమ్మకుండా నా పెట్టెనే మంచం కాలికి కట్టాను. అలమగోర్డోలో 95 డాలర్లకే శుభ్రమైన గది దొరికింది, మైక్రోవేవ్‌తో సహా, పులిహోర వేడి చేసుకుని తిన్నాం. వీలుంటే కార్ల్స్‌బాడ్‌లో ఒక్క రాత్రితో సరిపెట్టి మిగతావి అలమగోర్డోలో ఉండండి.

ఆ రెండు ఊళ్ళ మధ్య ఆర్టీషియా, క్లౌడ్‌క్రాఫ్ట్ మీదుగా పోయే 82 రోడ్డే వెళ్ళండి. ఎడారి కాస్తా పైన్ చెట్ల అడవి అవుతుంది, తర్వాత ఒక సొరంగం దాటి 4,000 అడుగులకి పైగా మలుపుల్లో కిందికి దిగుతాం, దూరంగా తెల్లటి ఇసుక గీతలా కనిపిస్తుంది. అన్ని మలుపుల్లోనూ ఒళ్ళు ఇటూ అటూ ఊగుతుంటే తోలు హోల్‌స్టర్ ఎక్కడా కొరకలేదు.

వైట్ శాండ్స్ జిప్సమ్ ఇసుక, ఎండలో కూడా కాళ్ళు కాలవు. పక్కనే మిసైల్ రేంజ్, పరీక్షలున్నప్పుడు రోడ్డు మూసేస్తారు, పొద్దున్నే వెబ్‌సైట్ చూసుకుని వెళ్ళండి. మా అమ్మాయి ప్లాస్టిక్ పళ్ళెం మీద దిబ్బల మీంచి జారుతూ సాయంత్రం దాకా కదల్లేదు. గన్ ఆ రోజంతా పెట్టెలోనే ఉంది, ఇసుకలో దొర్లే చోట నడుముకి ఉంచుకోవడం నాకు సరికాదనిపించింది. ఆ చుట్టుపక్కల బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లు ఉంటాయి, గ్రీన్ కార్డ్, వీసా కాగితాలు దగ్గరుంచుకోండి. నా టెక్సస్ లైసెన్స్ న్యూమెక్సికోలో చెల్లుతుంది, అయినా బయల్దేరే ముందు రోజు ఆ రాష్ట్రం సైటులో మళ్ళీ చూసుకున్నాను, మీరూ చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో మిడ్‌లాండ్ దాటాక చీకటి పడింది. మా ఆవిడ నిద్రలోంచి లేచి, "ఇవాళ మీ చెయ్యి ఒక్కసారి కూడా నడుము మీదకి పోలేదు" అంది.