మలక్‌పేటలో మేం వెళ్తున్న స్ట్రోక్ ఫిజియో సెంటర్

పక్షవాతం తర్వాత నడక నేర్పించే చోటు కోసం హైదరాబాద్‌లో వెతుకుతున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. మా నాన్నకి ఎడమవైపు పడిపోయింది. మొదట వెళ్లిన చోట (పేరు రాయను) పెద్ద మెషిన్ చూపించి ప్యాకేజీ కట్టించుకున్నారు, ఆ తర్వాత ఆయన్ని బెల్టులతో బిగించి ట్రెడ్‌మిల్ ఆన్ చేసి ఫిజియో ఓ మూల ఫోన్ చూసుకునేవాడు. చాలా కోపం వచ్చింది.

మలక్‌పేటలో ఇప్పుడు వెళ్లేది రెండు గదుల సెంటర్. ఖరీదైన మెషిన్లేవీ లేవు, కానీ ఫిజియో మేడం మనిషిని వదిలిపెట్టదు. ప్యారలల్ బార్ల (రెండు వైపులా పట్టుకుని నడిచే కమ్మీల) మధ్య నాన్నని నిలబెట్టి, ఎదురుగా చిన్న స్టూల్ మీద కూర్చుని, మోకాలు వెనక్కి విరుచుకోకుండా చేత్తో ఆపుతూ "అంకుల్, కాలు పక్కకి తిప్పొద్దు, మోకాలు మడవండి, మడమ ముందు ఆనాలి" అని ఒక్కో అడుగూ వేయిస్తుంది. పాదం ముందుభాగం లేవదు కాబట్టి వేళ్లు నేలకి రాసుకుంటాయి, దాన్నే ఫుట్ డ్రాప్ అంటారు. దానికి చీలమండని, పాదాన్ని పట్టి ఉంచే ఏఎఫ్‌ఓ అనే ప్లాస్టిక్ సపోర్టు కొలత తీసి చేయించుకోమంది. సరిగ్గా కుదరనిది వేస్తే ఒరుసుకుని పుండు పడుతుంది, స్పర్శ తగ్గిన కాలికి ఆ నొప్పి కూడా తెలియదు.

అమ్మని పక్కనే నిలబెట్టి నేర్పడం నాకు అన్నిటికంటే నచ్చింది. పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపకూడదు, భుజం జారుతుంది. కర్ర మంచి చేతిలోనే ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలం లేని కాలు ముందు. ఇవన్నీ అమ్మ చేత చేయించి చూసింది. నేల మీద టేపు అంటించి 10 మీటర్లకి ఎన్ని సెకన్లు పట్టిందో రాసిపెడుతుంది, అందుకే మెరుగవుతున్నారో లేదో ఊహించుకోనక్కర్లేదు.

మెషిన్ లేదని వెనకాడేవాళ్లకి ఒక మాట. అమెరికాలో 408 మందితో చేసి 2011లో ప్రచురించిన లీప్స్ అధ్యయనంలో, శరీర బరువుని పట్టీలతో మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించినవాళ్లు, ఇంటి దగ్గరే ఫిజియోతో వ్యాయామం చేసినవాళ్ల కంటే ఏడాది తర్వాత మెరుగ్గా ఏమీ లేరు.

లోపాలూ ఉన్నాయి. బాత్రూమ్ గడప ఎత్తు, గోడకి పట్టుకునే రాడ్ లేదు. ఇలాంటి చోట అది తప్పకుండా ఉండాలి, చెప్పాను, పెట్టిస్తామన్నారు. సాయంత్రం జనం ఎక్కువై బార్ల కోసం కూర్చోబెడతారు, అప్పటికే అలిసిపోయిన పేషెంటుకి అది కష్టం. ఉదయం స్లాట్ అడిగి తీసుకోండి.