జాంబీలు వచ్చాక హీరో ఎవరు: హిడియోనా, అకీరానా?

జాంబీ కథల్లో జపాన్‌వాళ్లవి రెండు నన్ను వదలవు. ఒకటి, కెంగో హనాజావా మాంగా (జపాన్ బొమ్మల కథ) ఆధారంగా షిన్‌సుకే సాతో తీసిన ‘ఐ యామ్ ఎ హీరో’ (2016). రెండోది ‘జామ్ 100’. 2018లో మాంగాగా మొదలై, 2023లో యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్)గానూ నెట్‌ఫ్లిక్స్ సినిమాగానూ వచ్చింది. ఒక్కటే చూసే తీరికుంటే ఏది చూడాలి?

‘జామ్ 100’లో అకీరా మూడేళ్లుగా రాత్రీ పగలూ లేని ఆఫీసు చాకిరీలో నలిగిపోయిన కుర్రాడు. ఒకరోజు లేచేసరికి వీధి నిండా జాంబీలు. వాడికొచ్చే మొదటి ఆలోచన: ఇక ఆఫీసుకు వెళ్లక్కర్లేదు! ఎగిరి గంతేస్తాడు. జాంబీగా మారేలోపు చేయాల్సిన వంద పనుల జాబితా రాసుకుంటాడు. పనిచేసి చేసి చచ్చిపోవడానికి ‘కరోషి’ అని విడిగా ఒక మాటే ఉన్న దేశంలో ఈ జోక్ ఎంత చేదో వేరే చెప్పాలా? అయినా కథలో నన్ను పట్టేసింది ఈ సంబరం కాదు. మధ్యలో పాత బాస్ ఎదురుపడగానే అకీరా మళ్లీ తలొంచుకుని చాకిరీకి దిగిపోతాడు. జాంబీకి భయపడనివాడు బాస్ గొంతు వినగానే ముడుచుకుపోతాడు.

‘ఐ యామ్ ఎ హీరో’లోని హిడియో సంగతి వేరు. 35 ఏళ్లు, వేరేవాళ్ల మాంగాకు బొమ్మలేసే అసిస్టెంటు. పేరు రాసే అక్షరాలకు అర్థం ‘వీరుడు’. అతనిలో వీరత్వం అంతవరకే. చేతిలో లైసెన్సున్న షాట్‌గన్ ఉంటుంది. జనం ఒకర్నొకరు కొరుక్కుంటున్నా రూల్స్ గుర్తొచ్చి పేల్చడు. నవ్వొస్తుంది గానీ, జపాన్‌లో తుపాకీ లైసెన్సంటే పరీక్షలు, డాక్టరు సర్టిఫికెట్టు, పోలీసు విచారణ. అది సంపాదించినవాడికి ఆ జంకు సహజమే. ఇక్కడి జాంబీలకూ పాత అలవాట్లు పోవు. బతికుండగా ఏది పట్టుకుని వేలాడారో అదే గొణుగుతుంటారు. పాపం, చచ్చాక కూడా సెలవు లేదు!

సినిమాలో ఒక లాకర్ సీను ఉంది. హిడియో లోపల నక్కి ఉంటాడు. తలుపు తీసి బయటికి రావాలి. తీసినట్టు, వెంటనే చచ్చినట్టు ఊహించుకుంటాడు. మళ్లీ తీస్తాడు, మళ్లీ చస్తాడు. అలా ఎన్నిసార్లో. చివరికి నిజంగానే తీస్తాడు. పిరికితనం పోయి కాదు, పోకుండానే.

అందుకే నా ఓటు హిడియోకి. చిన్నప్పుడు సూపర్‌హీరో కావాలనుకున్న అకీరాకి ధైర్యం ఆటలా వచ్చేస్తుంది. దాంతో తర్వాత్తర్వాత నాకు టెన్షన్ పుట్టలేదు. ఆఫీసుతో విసిగిపోయి ఉంటే మాత్రం ముందు ‘జామ్ 100’ యానిమే పెట్టుకోండి, దాని నెట్‌ఫ్లిక్స్ సినిమా వదిలేసినా నష్టం లేదు.

హిడియో నచ్చాక 22 సంపుటాల మాంగా జోలికి వెళ్తే గుండె గట్టి చేసుకోవాలి. సినిమా చివర పేరడిగితే, అక్షరాల గొప్ప చెప్పుకోకుండా ఉత్త హిడియోనే అంటాడు, పక్కన ఇద్దరు మనుషులుంటారు. మాంగాలోనైతే చివరికి ఖాళీ టోక్యోలో ఒక్కడే మిగులుతాడు.