తొమ్మిది సీజన్ల తర్వాత: మా ఫిల్మ్ సొసైటీ ప్రపంచ సినిమా ప్రదర్శనలపై సమీక్ష

మా ఫిల్మ్ సొసైటీ ఏటా నిర్వహించే ప్రపంచ సినిమా సీజన్‌కు నేను తొమ్మిదేళ్లుగా సభ్యత్వం తీసుకుంటున్నాను. ఏడాదికి పన్నెండు, పద్నాలుగు సినిమాలు, రెండు వారాలకొకటి చొప్పున వేస్తారు. ఎంపిక, ప్రొజెక్షన్, కుర్చీలు సర్దడం అన్నీ సభ్యులే స్వచ్ఛందంగా చూసుకుంటారు. నేను చూసిన సీజన్లన్నీ ఒకే స్థాయిలో లేవు. అయినా ఏటా మళ్లీ చేరడానికి కారణం ఒకటే: ఇక్కడ ఏ సినిమా చూడాలో నేను నిర్ణయించను.

ఇంట్లో సినిమా ఎంచుకునేటప్పుడు మనం ఇదివరకే ఇష్టపడిన వాటి చుట్టూనే తిరుగుతాం. నచ్చకపోతే ఆపేసే వీలు చేతిలోనే ఉంటుంది. షాంతాల్ అకర్మాన్ 1975లో తీసిన ‘జాన్ దియెల్మాన్’ 2022లో సైట్ అండ్ సౌండ్ సినిమా పత్రిక అన్ని కాలాల అత్యుత్తమ చిత్రాల కోసం జరిపిన విమర్శకుల ఎంపికలో మొదటి స్థానం పొందిందని తెలిసి, దాన్ని ఇంట్లో రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ అరగంట దాటలేకపోయాను. మరుసటి సీజన్‌లో సొసైటీ ఆ చిత్రాన్ని వేసింది. 201 నిమిషాల ఆ సినిమాలో, కదలని కెమెరా ముందు ఒక గృహిణి మూడు రోజుల పాటు వంట చేస్తుంది, పక్కలు సర్దుతుంది, కొడుకు బూట్లు మెరుగుపెడుతుంది. రెండో రోజు బంగాళాదుంపలు ఎక్కువగా ఉడికిపోయినప్పుడు హాలంతా ఉలిక్కిపడింది. మొదటి రోజు ఆమె దినచర్యను ఓపికగా చూసినవారికే ఆ చిన్న పొరపాటు కీడుకు సూచనలా తోస్తుంది. ఆ ఓపిక ఒంటరిగా ఉన్నప్పుడు నాకు చాలలేదు, పదిమంది మధ్య కూర్చున్నప్పుడు చాలింది.

సినిమాలను పక్కపక్కన పేర్చడంలో కూడా ఎంపిక బృందం శ్రద్ధ కనిపిస్తుంది. ఒక ఏడాది అమెరికన్ దర్శకుడు లియో మెకారీ ‘మేక్ వే ఫర్ టుమారో’ (1937), జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు ‘టోక్యో స్టోరీ’ (1953) వరుసగా వేశారు. ఓజుతో కలిసి రచన చేసిన కోగో నోడా మెకారీ చిత్రం నుంచి స్ఫూర్తి పొందాడన్నది తెలిసిన విషయమే. రెండింటిలోనూ వృద్ధ దంపతులు పిల్లల ఇళ్లలో ఇమడలేకపోతారు, రెండింటి చివరా ఒక రైలు వెళ్లిపోతుంది. అయితే మెకారీ రైలు భార్యాభర్తలను విడదీస్తుంది. ఓజు రైలులో వెళ్లేది చనిపోయిన కొడుకు భార్య, అప్పటికి భార్యను పోగొట్టుకున్న ఆ ముసలాయన ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. రెండు వారాల ఎడంలో చూసినందువల్లనే ఈ తేడా నా మనసులో నిలిచింది. విడివిడిగా, ఏళ్ల ఎడంతో చూసి ఉంటే రెండూ మంచి సినిమాలని మాత్రమే అనుకునేవాణ్ణి.

ప్రొజెక్షన్ విషయంలో మాత్రం మొదటి రెండు సీజన్లు నన్ను బాధపెట్టాయి. 1.37 నిష్పత్తిలో (ఎత్తుకు 1.37 రెట్ల వెడల్పుతో) తీసిన పాత చిత్రాలను వెడల్పు తెర నిండేలా సాగదీసి చూపేవారు. ముఖాలు అప్పడాల్లా పరచుకునేవి. కొందరం పదే పదే అడిగాక, తెరకు రెండు పక్కలా నల్లని పరదాలు బిగించి అసలు నిష్పత్తిలోనే చూపడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఈ తొమ్మిదేళ్లలో జరిగిన అతి ముఖ్యమైన మెరుగుదల అదే. మంచు కురిసే దృశ్యాలలో తెల్లని సబ్‌టైటిల్స్ కలిసిపోయే ఇబ్బంది ఇప్పటికీ అప్పుడప్పుడు ఎదురవుతుంది, కాని అది చాలావరకు చేతికందిన కాపీని బట్టి ఉంటుంది.

సినిమాకు ముందు చేసే పరిచయ ప్రసంగాలు వక్తను బట్టి మారిపోతాయి. దర్శకుడెవరు, ఏ కాలంలో తీశాడు, ఏది గమనిస్తే బాగుంటుంది అని పది నిమిషాలలో చెప్పి దిగిపోయినవారిని కృతజ్ఞతతో గుర్తుంచుకున్నాను. ఒకసారి మాత్రం అతిథి వక్త ముప్పావుగంట మాట్లాడి, ముగింపు కూడా చెప్పేశారు. సినిమా తర్వాతి చర్చలు అంతకన్నా ఎంతో విలువైనవి. ముఖ్యంగా సినిమా నచ్చలేదని లేచి చెప్పిన వారి మాటలే నన్ను ఎక్కువగా ఆలోచింపజేశాయి.

ఎంపిక మీద నా ప్రధాన ఫిర్యాదు, యూరప్, జపాన్ చిత్రాల బరువు ఎక్కువ కావడం. తొమ్మిదేళ్లలో ఆఫ్రికా నుంచి మూడే సినిమాలు వచ్చాయి. ఉస్మాన్ సెంబేన్ 1966 నాటి చిత్రం ‘బ్లాక్ గర్ల్’ గంటకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ కొద్ది నిడివిలో, పనిమనిషిగా ఫ్రాన్సుకు వెళ్లిన సెనెగల్ యువతి మౌనాన్ని ఆయన ఎంత దూరం వినిపించాడో చూశాక ఈ కొరత మరీ బాధించింది. ప్రదర్శన హక్కులు, మంచి కాపీలు దొరకడం కష్టమని నిర్వాహకులు చెప్పిన మాటలో నిజముంది. కాని మార్టిన్ స్కోర్సేసీ 2007లో ప్రారంభించిన వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ వంటి ప్రయత్నాల వల్ల సెనెగల్ తదితర ఆఫ్రికా దేశాల పాత చిత్రాలు పునరుద్ధరణ పొంది మంచి రూపంలో బయటికి వచ్చాయి. వాటిలో ఏడాదికి రెండైనా అడిగి తెప్పించాలని గత వార్షిక సమావేశంలో లిఖితపూర్వకంగా కోరాను.

కొత్తగా చేరేవారు విడి టికెట్లు కాకుండా మొత్తం సీజన్‌కే సభ్యత్వం తీసుకోవాలని నా సలహా. విడిగా కొనేవారు మళ్లీ తెలిసిన పేర్లకే వస్తారు. హాలు నేల వాలుగా లేనందున ముందు కూర్చున్నవారి తలలు సబ్‌టైటిల్స్‌కు అడ్డువస్తాయి; పావుగంట ముందే వచ్చి నడవ పక్కన కుర్చీ చూసుకోవడం మంచిది.